నోట్సు ఉంది, వ్యాసం రావడం లేదా? మూసీ వరద ఉదాహరణగా మొదటి చీటీ నుంచి చివరి తనిఖీ వరకు

"నా దగ్గర నోట్సు బోలెడుంది, వ్యాసం మాత్రం కదలడం లేదు." రాయాలని కూర్చునేవాళ్లు ఎక్కువసార్లు నాతో అనే మాట ఇదే. ఇన్నాళ్లూ అడిగినవాళ్లకు అడిగినట్టు విడివిడిగా చెబుతూ వచ్చాను. ఈసారి మొత్తం ఒకచోట పెడుతున్నాను.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుంటాను: 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరద. మీ విషయం మీ ఊరి చెరువు కావచ్చు, మీ తాతగారి ఉద్యోగ జీవితం కావచ్చు. పద్ధతి మారదు.

## 1. పుస్తకం తెరవకముందు ఒక్క వాక్యం

ఆ వాక్యంలో మూడు సంగతులు ఉండాలి: ఏం చెప్పబోతున్నారు, ఎవరికి, ఎంతలో.

పనికిరానిది: "మూసీ వరద గురించి ఒక వ్యాసం."

పనికొచ్చేది: "గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలను తాగునీళ్ల కోసమే కట్టారనుకునే నగరవాసికి, వాటి పుట్టుక వెనక 1908 వరద ఉందని 1,500 మాటల్లో చూపించాలి."

మొదటి వాక్యంతో లైబ్రరీకి వెళ్తే నిజాం వంశవృక్షం దగ్గర్నుంచి పురానాపూల్ వంతెన రాళ్ల దాకా అన్నీ రాసుకోవాలనిపిస్తుంది. దేన్ని వదిలేయాలో ఆ వాక్యం చెప్పదు. రెండోది చెబుతుంది.

దాన్ని కాగితం మీద రాసి, నోట్‌బుక్ అట్ట లోపలివైపు అంటించండి. చదివే కొద్దీ అది మారొచ్చు, తప్పేం లేదు. మారితే కొత్త వాక్యాన్ని తేదీ వేసి కింద రాయండి. పాతదాన్ని కొట్టేయకండి. ఎక్కడ దారి మళ్లారో తరవాత తెలియాలి.

ఇక్కడ చూసుకోవలసినవి:

- వాక్యంలో పాఠకుడు ఉన్నాడా?
- మాటల లెక్క ఉందా?
- "గురించి" అనే మాట తీసేస్తే వాక్యం నిలబడుతోందా? నిలబడకపోతే మీ దగ్గర ఇంకా విషయమే ఉంది, చెప్పవలసిన ముక్క దొరకలేదు.

## 2. ప్రశ్నల పట్టీ, మాటల పద్దు

ఆ వాక్యం నిజమని పాఠకుడు ఒప్పుకోవాలంటే ఏ ప్రశ్నలకు జవాబు కావాలి? ఆరేడుకు మించకుండా రాసుకోండి. మూసీకి నావి ఇవి:

- ప్ర1: ఎంత వాన, ఎంతసేపట్లో?
- ప్ర2: నది ఒక్కటే పొంగిందా, ఎగువన ఇంకేమైనా తెగాయా?
- ప్ర3: నష్టం ఎంత? ఏవి పోయాయి, ఏవి మిగిలాయి?
- ప్ర4: ఆ తరవాత ఎవరిని పిలిచారు, ఆయన ఏం చెప్పాడు?
- ప్ర5: చెప్పడానికీ కట్టడానికీ మధ్య ఎన్నేళ్లు?
- ప్ర6: ఆ వరదలో చిక్కుకున్న మనిషి ఒక్కరైనా పేరుతో దొరుకుతారా?

చివరి ప్రశ్న ఏ విషయానికైనా పెట్టుకుంటాను. వేలల్లో చెప్పిన మరణాలు పాఠకుడికి అంకెగానే మిగిలిపోతాయి. అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే బతికాడని తెలిస్తే అదే అంకె ఇంకోలా వినిపిస్తుంది.

ఇప్పుడు పద్దు. 1,500 మాటలు, ఆరు ప్రశ్నలు. ఒక్కోదానికి సగటున 250 మాటలు. అంత రాతకు నాలుగైదు చీటీలు (ఒక్కో సంగతి రాసుకునే విడి కాగితం ముక్కలు) చాలు. నష్టం మీద నలభై చీటీలు పోగేసి, ప్ర5 దగ్గర ఒక్కటీ లేనివాళ్లను చాలామందిని చూశాను. పద్దు వేసుకుంటే ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఇంకా తవ్వాలో ముందే తెలుస్తుంది.

## 3. సరంజామా

కాగితమా, ఫోనా అన్నది మీ ఇష్టం. నేను పాత శుభలేఖల్ని కత్తిరించి వెనక ఖాళీ వైపు వాడతాను. మందంగా ఉంటాయి, నేలమీద పరిస్తే మడత పడవు, పైగా పైసా ఖర్చు లేదు. నోట్‌బుక్‌లో వరసగా రాస్తే తరవాత ఆ ముక్కల్ని అటూ ఇటూ జరపలేం. విడి చీటీలు కావాలనేది అందుకే.

ఫోన్లోనో కంప్యూటర్లోనో రాసేవాళ్లకు తెలుగులో ఒక చిక్కుంది. వెతుకులాట అక్షరం తేడా వస్తే పనిచేయదు. "మూసీ" అని ఒకచోట, "మూసి" అని ఇంకోచోట. "అఫ్జల్‌గంజ్", "అఫ్జల్ గంజ్". "హిమాయత్‌సాగర్", "హిమాయత్ సాగర్". సగం చీటీలు దొరకవు, అసలు రాసుకోలేదేమో అనుకుంటాం. మొదటి రోజే పేర్ల పట్టీ ఒకటి పెట్టుకుని, ఒక్కో పేరుకు ఒకే రాత ఖాయం చేసుకోండి. మూలంలో వేరేలా ఉంటే దాన్ని కొటేషన్‌లో మాత్రమే అలా ఉంచండి.

పేజీని ఫొటో తీసి పెట్టుకోవడం నోట్సు రాయడం కాదు. ఫొటో తీస్తే ఆ పూటే దాని మీద చీటీ రాయండి. పుస్తకం అట్ట, ముద్రణ వివరాలున్న పేజీ కూడా ముందుగా ఫొటో తీయండి. లేకపోతే నెల తరవాత గ్యాలరీలో పెళ్లి ఫొటోల మధ్య ఒక అనాథ పేజీ కనిపిస్తుంది. అది ఏ పుస్తకంలోదో మీకే తెలియదు.

## 4. చీటీ రాసే తీరు

పనంతటికీ గుండెకాయ ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఉందాం.

ఒక చీటీ మీద ఒకే సంగతి. రెండు ఉంటే రెండు చీటీలు. దాని మీద ఐదు వరసలు:

1. తల: ప్రశ్న నంబరు, రెండు మూడు మాటల శీర్షిక.
2. సంగతి.
3. ఎక్కడిది: పుస్తకం లేదా పత్రిక, రచయిత, ముద్రణ, పేజీ.
4. ఎవరి మాట: మూలంలోని మాట యథాతథంగా అయితే కొటేషన్ గుర్తులు. నా మాటల్లో రాసుకుంటే "సొ". నా ఊహ అయితే "ఊ". నోటిమాటగా విన్నదైతే "వి".
5. ఎందుకు: వ్యాసంలో ఇది ఏ పని చేస్తుంది.

నా చీటీల్లోంచి ఒకటి:

> ప్ర2. తెగిన చెరువులు
> మూసీ పరీవాహక ప్రాంతంలో చిన్న చెరువులు వందల్లో ఉండేవి. ఆ వానకు వాటిలో 200కు పైగా తెగాయి. ఆ నీళ్లూ నదిలోకే వచ్చాయి.
> విశ్వేశ్వరయ్య ఆత్మకథ, హైదరాబాదు అధ్యాయం, పే. …
> సొ
> ఎందుకు: వాన ఒక్కటే కారణం కాదని చెప్పే చోట. ఎగువన పెద్ద జలాశయాలు ఎందుకు అడిగారో దీంతో అర్థమవుతుంది.

విశ్వేశ్వరయ్య అంటే వరద తరవాత హైదరాబాదుకు పిలిపించిన ఇంజినీరు. పేజీ దగ్గర చుక్కలు పెట్టింది ముద్రణను బట్టి మారుతుంది కాబట్టి. మీ చీటీలో చుక్కలు ఉండకూడదు.

ఐదో వరస రాయడానికి అందరికీ బద్ధకమే. "నాకు తెలుసులే" అనుకుంటాం. మూడు వారాల తరవాత తెలియదు. ఆ వరస రాయలేకపోతున్నారంటే ఆ చీటీ మీ వ్యాసానికి అక్కర్లేదేమో చూసుకోండి. రాయగలిగితే వ్యాసంలో సగం వాక్యం అప్పుడే వచ్చేసినట్టు.

మూడో వరస సంగతి నేను దెబ్బతిని నేర్చుకున్నాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పత్రికకు పంపిన వ్యాసం అచ్చుకు వెళ్లే ముందు రాత్రి ఫోన్ వచ్చింది. "ఈ అంకె ఎక్కడిదండీ?" నా దగ్గర 140 పేజీల నోట్‌బుక్ ఉంది, అందులో ఆ అంకె ఉంది, పక్కన పుస్తకం పేరు లేదు. రాత్రి పదకొండున్నర దాకా వెతికి, ఆ వాక్యం తీసేయమన్నాను. ఆ పేరా మొత్తం ఆ వాక్యం మీదే నిలబడింది.

వేరే భాషలోంచి రాసుకునేటప్పుడు. హైదరాబాదు సంగతులకు ఇంగ్లీషు, ఉర్దూ మూలాలు తప్పవు. చదువుతూనే మనసులో తెలుగు చేసేసి రాసుకుంటాం. తరవాత ఆ తెలుగు వాక్యానికి కొటేషన్ గుర్తులు పెట్టి "ఆయన ఇలా అన్నాడు" అంటాం. ఆయన అలా అనలేదు. ముఖ్యమైన వాక్యమైతే మూల భాషలోనే దించుకుని, కింద తెలుగు రాయండి. ఉర్దూ చదవడం రాకపోతే ఎవరు చదివి చెప్పారో చీటీ మీద వేయండి.

తేదీలు. నిజాం కాలపు కాగితాల్లో మూడు కాలెండర్లు తగులుతాయి: హిజ్రీ (ఇస్లామీ కాలెండరు), ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన కాలెండరు), ఇంగ్లీషు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే దగ్గరి ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, కానీ సంవత్సరం మారే నెల వేరు కాబట్టి ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది. చీటీ మీద మూలంలోని తేదీని ఉన్నదున్నట్టు వేసి, మీ లెక్కను పక్కన వేరే రంగులో రాయండి. లెక్క తప్పితే మూలానికి వెళ్లే దారి మిగలాలి కదా.

## 5. ఏ వరసలో చదవాలి

ముందుగా ఒక చిన్న, మొత్తం కథ చెప్పే వ్యాసం చదవండి. దాని మీద చీటీలు రాయొద్దు. ఊరి నక్షా తెలియడానికి మాత్రమే. వికీపీడియానూ ఇందుకే వాడండి. కింద ఇచ్చిన ఆధారాల జాబితా చూసుకుని అసలు మూలాలకు వెళ్లిపోండి.

రెండో విడత, ఆ పనిలో ఉన్నవాళ్ల రాతలు, నివేదికలు. మన ఉదాహరణకు విశ్వేశ్వరయ్య.

మూడో విడత, ఆనాటి పత్రికలు. ఆంధ్రపత్రిక 1908 సెప్టెంబరు 9న బొంబాయిలో వారపత్రికగా మొదలైంది, అంటే వరదకు మూడు వారాల ముందు. వారపత్రికల్లో వెతికేటప్పుడు ఆ తేదీ సంచిక ఒక్కటే చూసి "ఏమీ లేదు" అనకండి. తరవాతి మూడు నాలుగు సంచికలు తిరగేయాలి. పాత పత్రికలు చాలామటుకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు, కానీ అవి బొమ్మలు. మాట టైపు చేసి వెతికితే దొరకవు. పేజీ పేజీ కళ్లతో చూడవలసిందే.

లైబ్రరీలకు వెళ్లగలిగితే హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నాయి. వెళ్లేముందు ప్రశ్నల పట్టీ జేబులో పెట్టుకోండి. "వరద మీద ఏమున్నాయి?" అని అడిగితే కౌంటర్ దగ్గరున్నవాళ్లు చేతులెత్తేస్తారు. "1908–09 నాటి ప్రజాపనుల శాఖ కాగితాలు" అంటే లేచి వస్తారు.

చివరగా ఆ చోటికి నడిచి వెళ్లండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. వరద రోజున దాని మీదికెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు కింద నిలబడి నది ఎటుందో, ఎంత దూరంలో ఉందో, నీళ్లు అంత ఎత్తుకు ఎలా వచ్చి ఉంటాయో చూసి రాసుకున్న నాలుగు వరసలు పుస్తకాల్లో దొరకవు. అక్కడే నిలబడి రాయండి. ఇంటికొచ్చాక రాస్తే మనం చదివినదే చూసినట్టు రాస్తాం.

1908ని చూసినవాళ్లు ఇప్పుడు లేరు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలాంటి విషయమైతే చూసినవాళ్లే ఉన్నారు. అలాంటప్పుడు మాటలు రికార్డు చేసి, చీటీ మీద రికార్డింగులో ఎన్నో నిమిషమో వేయండి. పెద్దవాళ్లను తేదీ అడిగితే తడబడతారు. "అప్పటికి మీ పెద్దబ్బాయి పుట్టాడా? కోతలయ్యాయా?" అని అడగండి.

## 6. అంకెలు తగవు పడినప్పుడు

మూసీ వరద వాన మీద చదువుతూ పోతే మూడు అంకెలు తగులుతాయి: 12.8 అంగుళాలు, 17 అంగుళాలు, 18.9 అంగుళాలు. ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారనిపిస్తుంది. దగ్గరగా చూస్తే మొదటిది శంషాబాద్‌లో 24 గంటల వాన, చివరిది అక్కడే 48 గంటల వాన, మధ్యది 36 గంటలకు చెప్పేది. తగవే లేదు. చీటీ మీద "17 అంగుళాలు" అని మాత్రమే రాసుకుని ఉంటే ఈ చిక్కు విడిపోయేది కాదు.

అంకె రాసుకునేటప్పుడు నాలుగూ కలిపి రాయండి: ఎంత, ఏ కొలతలో, ఎక్కడ, ఎంతసేపట్లో. సెంటీమీటర్లలోకి మార్చితే పక్కన విడిగా రాయండి. 12.8 అంగుళాలంటే సుమారు 32.5 సెంటీమీటర్లు.

చనిపోయినవాళ్ల సంఖ్య దగ్గర మాత్రం తగవు నిజమైనదే. 15 వేలు అని ఎక్కువచోట్ల కనిపిస్తుంది, వేరే అంకెలూ ఉన్నాయి. ఇలాంటప్పుడు "తగవు చీటీ" అని ఒకటి వేరుగా రాస్తాను. ఒక్కో అంకె కిందా ఎవరు, ఎప్పుడు, దేని ఆధారంగా చెప్పారు అని. అప్పుడొక సంగతి బయటపడుతుంది: పది చోట్ల ఒకే అంకె ఉన్నా, తొమ్మిది చోట్ల ఒకరిని చూసి ఒకరు దించుకున్నదే. వాక్యం కూడా మక్కీకి మక్కీ అదే. అవన్నీ కలిపి ఒకే మూలం.

తేలకపోతే వ్యాసంలో "సుమారు 15 వేలమంది అని ఎక్కువగా చెబుతారు" అనేసి ముందుకు సాగండి. మన వ్యాసం లక్ష్యం జలాశయాల పుట్టుక. మృతుల సంఖ్య తేల్చడం వేరే వ్యాసం, చాలా కష్టమైన వ్యాసం.

అంకెలకన్నా మోసం చేసేవి క్రియాపదాలు. "విశ్వేశ్వరయ్య గండిపేట కట్టాడు" అని అలవాటుగా అనేస్తాం. ఆయన 1909లో హైదరాబాదు వచ్చి, పరిశీలించి, నగరానికి ఎగువన మూసీ మీదా, దాని ఉపనది ఈసీ మీదా జలాశయాలు కట్టి వరదను అక్కడే నిలపమని నివేదిక ఇచ్చాడు. అదే ఏడాది మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయాడు. మనం గండిపేట అనే ఉస్మాన్‌సాగర్ పూర్తయింది 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో. చీటీ మీద "కట్టాడు" అని రాసుకుంటే ప్ర5కు జవాబు మాయమైపోతుంది. "నివేదిక ఇచ్చాడు" అని రాసుకుంటే పదకొండేళ్ల కథ ఒకటుందని గుర్తొస్తుంది.

## 7. చదవడం ఎప్పుడు ఆపాలి

ఒక్కో ప్రశ్నకు ఒకదానికొకటి సంబంధం లేని రెండు మూలాల నుంచి కనీసం మూడు చీటీలు ఉంటే చాలు. ఒక పూటంతా చదివినా కొత్త చీటీ పడకపోతే కూడా చాలు.

ఇంకా చదవాలనిపిస్తుంది. రాయడానికి భయపడేవాళ్లకు చదవడం మంచి చాటు. నాకు తెలియని జబ్బేమీ కాదు.

## 8. చీటీలు పరచడం

గదిలో ఫ్యాన్ ఆపేసి, చీటీలన్నీ నేల మీద ప్రశ్నల వారీగా పేర్చండి. ప్రతి కుప్పలో అన్నిటికన్నా బలమైన చీటీని పైన పెట్టండి. బలహీనమైనవి కిందకు తోసేయండి.

తరవాత కుప్పల్ని ఒక వరసలో పెట్టి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య అతుకు మాట చిన్న కాగితం మీద రాసి ఉంచండి. మూసీకి నాకు ఇలా వచ్చింది:

వాన కుండపోతగా కురిసింది → కానీ వాన ఒక్కటే కాదు, ఎగువన చెరువులు తెగాయి → దాంతో అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి, 1578 నాటి పురానాపూల్ నిలిచింది → అందుకని నీటిని నగరానికి పైనే ఆపాలన్నారు → అయినా కట్టడానికి పదేళ్లపైన పట్టింది.

అతుకు మాటలన్నీ "ఇంకా", "అలాగే", "మరోవైపు" అని వస్తున్నాయంటే మీ దగ్గర వరస లేదు, కుప్పే ఉంది. కుప్పలు జరిపి చూడండి. "కానీ", "అందుకని", "అయినా" పడేదాకా జరపండి. ఈ పనికి ఒక సాయంత్రం పోయినా నష్టం లేదు, రాసేటప్పుడు రెండు రోజులు కలిసొస్తాయి.

అమ్జద్ హైదరాబాదీ చీటీ ఎక్కడ పెట్టాలి? మొదటే పెడితే పాఠకుడు ఆగి చదువుతాడు, కానీ ఆ దుఃఖం తరవాత అంగుళాల లెక్క చప్పగా అనిపిస్తుంది. నేను వంతెనల తరవాత, "అందుకని"కి ముందు పెట్టాను. ఇది రుచికి సంబంధించిన సంగతి, మీరు వేరేగా పెట్టొచ్చు.

## 9. చీటీలు మూసి రాయడం

ఒక కుప్పను రెండుసార్లు చదవండి. బోర్లా పెట్టేయండి. ఇప్పుడు ఆ భాగం గుర్తున్నంత రాయండి. అంకె గుర్తు రాకపోతే ఆగకుండా "[చూడాలి]" అని వేసి సాగిపోండి.

చీటీలు చూస్తూ రాస్తే ఒక్కో చీటీ ఒక్కో వాక్యమై, పాఠ్యపుస్తకంలా వస్తుంది. మూసి రాస్తే మన గొంతు వస్తుంది. ప్ర1, ప్ర2 చీటీలు మూసి రాసిన నా చిత్తుప్రతి:

> శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, ఇవాళ్టి లెక్కలో 32 సెంటీమీటర్లకు పైనే. ఎగువనున్న చెరువులు ఆ నీటిని ఆపలేకపోయాయి. ఒకటి తెగి కిందిదాని మీద పడింది, అది తెగి దాని కిందిదాని మీద. సోమవారం ఉదయం నగరం మీదికి వచ్చింది ఒక్క నది నీళ్లు కావు, రెండు వందల చెరువుల నీళ్లు.

బాగానే ఉంది. ఇప్పుడు చీటీలు తిప్పి, వాక్యం వాక్యం పెన్సిలుతో సరిచూడండి. 12.8 ఉంది. చెరువులు తెగడం ఉంది. సోమవారం కాలెండర్ చూసి వేశాను, సరిపోయింది. "ఒకటి తెగి కిందిదాని మీద పడింది" అన్నది నా చీటీల్లో లేదు. గొలుసు చెరువులు అలాగే తెగుతాయని మనకు తెలుసు కాబట్టి చెయ్యి దానంతటదే రాసేసింది. మళ్లీ మూలానికి వెళ్లాలి. అక్కడుంటే వాక్యం ఉంటుంది. లేకపోతే "తెగి పడి ఉండాలి" అని మారుతుంది. "రెండు వందల చెరువుల" అన్నదీ "రెండు వందలకు పైగా" కావాలి. నడక కాస్త చెడుతుంది, తప్పదు.

రాసేటప్పుడు బాగా వచ్చిందనిపించిన వాక్యాన్నే ముందు అనుమానించండి. నా అనుభవంలో ఊహ దూరేది అక్కడే.

## 10. మిగిలిన చీటీలకు అటక

సగం చీటీలు వ్యాసంలోకి రావు. వాటి కోసం "అటక" అని ఒక కవరు పెట్టుకోండి.

నా అటకలో 111 జీవో చీటీ ఉంది. ఆ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో ఇచ్చిన ఉత్తర్వు అది. మంచి విషయం, ఇవాళ్టికీ వేడి తగ్గనిది. కానీ మన వాక్యం ఆ జలాశయాలు ఎలా పుట్టాయన్నది. జీవోను లాగితే వ్యాసం 1996లోకి జారిపోయి, 1908 ముందుమాటగా మిగులుతుంది. అటకలో ఉంటే అది రేపటి వ్యాసానికి మొదటి చీటీ.

## 11. తరచూ చేసే పొరపాట్లు, దిద్దుబాట్లు

పేరాలకు పేరాలు దించేసుకోవడం. చెయ్యి పనిచేస్తుంది, బుర్ర పనిచేయదు. పుస్తకం మూసి సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి, అదే రాయండి. తరవాత తెరిచి అంకెలు, పేర్లు సరిచూడండి.

ఎవరి మాటో మరిచిపోవడం. ఇది దొంగతనం దాకా తీసుకుపోతుంది, తెలియకుండానే. చీటీ మీద నాలుగో వరస లేకపోతే ఆ చీటీని వాడకండి. మూలం తెరిచి పోల్చాకే వాడండి.

వ్యాసం మధ్యలో లక్ష్యం మారడం. అట్ట లోపలి వాక్యం చూడండి. కొత్త దారే బాగుందనిపిస్తే వాక్యం మార్చి, ప్రశ్నల పట్టీ కూడా మార్చి, చీటీలు మళ్లీ పరచండి. వాక్యం పాతది, వ్యాసం కొత్తది అయితే రెండూ చెడతాయి.

వాట్సాప్‌లో వచ్చిందీ, ఏఐ ఇచ్చిన సారాంశమూ చీటీ మీదికి ఎక్కించడం. ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికి పనికొస్తాయి. మూడో వరసలో రాయడానికి వాటికి పేజీ నంబరు ఉండదు.

కష్టపడి సంపాదించానని చీటీని వదల్లేకపోవడం. తార్నాకలో మూడు పూటలు కూర్చుని తెచ్చిన చీటీ కావచ్చు. పాఠకుడు ఆ మూడు పూటలు చూడడు. అటక.

## 12. పంపేముందు

- మొదటి వాక్యంలో రాసుకున్న పాఠకుడికి వ్యాసం చదివి వినిపించారా? ఇంట్లో ఒకరైనా చాలు. ఎక్కడ "ఆగు, ఎవరాయన?" అన్నారో అక్కడ గుర్తు పెట్టండి.
- "[చూడాలి]" ఒక్కటీ మిగల్లేదు కదా?
- ప్రతి అంకెకూ తేదీకీ చీటీ ఉందా? చీటీ మీద పేజీ ఉందా?
- కొటేషన్ గుర్తుల్లో ఉన్నవి మూలంతో అక్షరం అక్షరం పోల్చారా? అనువాదమైతే అనువాదమని చెప్పారా?
- పేర్లు పట్టీలో ఉన్నట్టే అన్నిచోట్లా ఉన్నాయా?
- "కట్టాడు", "కనిపెట్టాడు", "మొదలుపెట్టాడు" లాంటి క్రియలు మూలం చెప్పినదానికి మించి చెబుతున్నాయా?
- ఊహలు ఊహలుగానే వినిపిస్తున్నాయా?
- మాటల లెక్క దాటితే ఏ కుప్ప ఉబ్బిందో చూశారా? అన్నిచోట్లా కొంచెం కొంచెం గీకకండి, ఒక చీటీని మొత్తంగా తీసేయండి.

వాడిన చీటీలను వ్యాసంలో వచ్చిన వరసలోనే పేర్చి రబ్బరు బ్యాండు వేసి, పైన వ్యాసం పేరు, పంపిన తేదీ రాసి, ఏడాదిపాటు చేతికందే చోట పెట్టుకోండి. అచ్చయిన వారానికో, ఆరు నెలలకో ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఈ అంకె ఎక్కడిదండీ?" అని అడుగుతారు.